పనిచోటు తరలిపోతే: రాజీనామాకు ముందు ఉద్యోగి తెలుసుకోవలసినవి

పిల్లల బడి వేళలు, ఇంట్లో పెద్దవాళ్ల వైద్యం, అద్దె ఇంటి ఎంపిక, జీవిత భాగస్వామి ఉద్యోగం వంటివన్నీ ఇంటికీ పనిచోటుకూ మధ్య ఉన్న దూరాన్ని బట్టి అమరి ఉంటాయి కనుక, యాజమాన్యం ఒక సర్క్యులర్ ద్వారా కార్యాలయాన్నో కర్మాగారాన్నో మరో ప్రాంతానికి తరలిస్తున్నట్లు ప్రకటించినప్పుడు ఆ నిర్ణయ భారం ఉద్యోగితో పాటు కుటుంబమంతటి మీదా పడుతుంది. ఇంటికి దగ్గరలోనే పనిచేసే హక్కును భారతదేశంలోని ఏ కార్మిక చట్టమూ ఇవ్వలేదన్నది వాస్తవం. వ్యాపారాన్ని ఎక్కడ నడపాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ యజమానికి ఉంటుందని న్యాయస్థానాలు కూడా అంగీకరించాయి. అయితే చాలామంది ఉద్యోగులు ఈ వాస్తవం దగ్గరే ఆగిపోయి, ఇక చేయగలిగిందేమీ లేదన్న నిరాశతో రాజీనామా రాసి ఇస్తున్నారు. ముందస్తు నోటీసు, సంప్రదింపులు, పరిహారం, సేవల కొనసాగింపు వంటి రక్షణలు చట్టంలో ఉన్నప్పటికీ, స్వచ్ఛందంగా వైదొలగిన వ్యక్తికి వాటిలో అధిక భాగం వర్తించదు కనుక, తొందరపడి రాసిన ఆ ఒక్క కాగితం అంతవరకు ఉన్న హక్కులను చాలావరకు తుడిచివేస్తుంది. అందువల్ల తరలింపు వార్త తెలిసిన ఉద్యోగి ముందుగా నేర్చుకోవలసిన క్రమశిక్షణ, తన స్థానమేమిటో పూర్తిగా తెలిసేవరకు రాజీనామా ఆలోచనను పక్కన పెట్టడమే.

నియామక పత్రంతో మొదలు

తరలింపు విషయంలో ఉద్యోగి హక్కులు ప్రధానంగా రెండు అంశాలపై ఆధారపడి ఉంటాయి: అతని నియామక షరతులు ఏమిటన్నది మొదటిది, చట్టం దృష్టిలో అతడు ‘కార్మికుడు’ అవునా కాదా అన్నది రెండవది. అపాయింట్‌మెంట్ లెటర్‌లో చాలావరకు చివరి పేజీల్లో కనిపించే బదిలీ నిబంధన, అంటే సంస్థకు చెందిన ఏ శాఖకైనా, ఏ ఊరికైనా ఉద్యోగిని పంపవచ్చునని చెప్పే షరతు, మొదట వెతకవలసిన వాక్యం. అటువంటి షరతు స్పష్టంగా ఉన్నచోట తరలింపును మొత్తంగా తిరస్కరించడం కష్టం. షరతు లేకపోతే పరిస్థితి వేరుగా ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో ఒక చక్కెర మిల్లులో చేరిన కార్మికులను, వారు చేరిన తర్వాత అవే యజమానులు బులంద్‌షహర్‌లో ప్రారంభించిన మరో మిల్లుకు బదిలీ చేసి, వెళ్లనందుకు తొలగించిన కేసులో, ఉద్యోగంలో చేరేనాటికి లేని మరో సంస్థకు కార్మికుడిని పంపే హక్కు యజమానికి సహజంగా సంక్రమించదని సుప్రీంకోర్టు 1960లో కుందన్ షుగర్ మిల్స్ తీర్పులో స్పష్టం చేసింది. నియామక పత్రంతో పాటు స్టాండింగ్ ఆర్డర్లను, అంటే పెద్ద సంస్థల్లో సెలవులు, షిఫ్టులు, క్రమశిక్షణ వంటి విషయాలను నిర్దేశిస్తూ కార్మిక శాఖ ధ్రువీకరించే సేవా నియమావళిని, అలాగే యూనియన్‌తో కుదిరిన ఒప్పందాలను కూడా చదవాలి. నియామక పత్రంలో లేని షరతు వాటిలో ఉండవచ్చు, ఉద్యోగికి మేలు చేసే హామీ కూడా వాటిలోనే దొరకవచ్చు.

రెండవ అంశానికి వస్తే, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అంతవరకు అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలోకి వచ్చింది. ప్రధాన రక్షణలు చాలావరకు పాత పదజాలంతోనే కోడ్‌లోకి చేరినందున పాత తీర్పులు ఇప్పటికీ దారి చూపుతాయి. శారీరక, సాంకేతిక, గుమాస్తా తరహా పనులు చేసేవారు ఈ కోడ్ ప్రకారం కార్మికులు. ప్రధానంగా యాజమాన్య, పరిపాలన బాధ్యతలు నిర్వహించేవారు, నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం పొందే పర్యవేక్షకులు ఈ నిర్వచనం వెలుపల ఉంటారు. ఇక్కడ హోదా పేరుకన్నా నిత్యం చేసే పని స్వభావమే ప్రమాణమని న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి కనుక, విజిటింగ్ కార్డుపై ‘మేనేజర్’ అని ఉన్నంత మాత్రాన, కింద ఒక్క ఉద్యోగి కూడా లేకుండా రోజంతా లెక్కలు రాసే వ్యక్తి తన హక్కులను వదులుకోనవసరం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని దుకాణాలు, ప్రైవేటు కార్యాలయాల ఉద్యోగులకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మరో ఆధారంగా నిలుస్తుంది: ఆరు నెలల నిరంతర సేవ ఉన్న ఉద్యోగిని సహేతుకమైన కారణం, నెల రోజుల నోటీసు లేదా దానికి బదులుగా నెల జీతం లేకుండా తొలగించరాదని ఆ చట్టంలోని 47వ సెక్షన్ చెబుతుంది, 48వ సెక్షన్ అప్పీలుకు వీలు కల్పిస్తుంది.

తరలింపు వెంట వచ్చే మార్పులు

సేవా షరతుల్లో కొన్ని మార్పులు చేయదలచిన యజమాని 21 రోజుల ముందుగా నోటీసు ఇవ్వాలని పాత చట్టంలోని 9ఏ సెక్షన్ చెప్పింది, కొత్త కోడ్‌లో ఇదే విధి 40వ సెక్షన్‌లో ఉంది. ఏయే మార్పులకు నోటీసు అవసరమో చెప్పే జాబితాలో ‘పనిచోటు మార్పు’ అన్న మాట లేదు. ఈ లోపాన్ని చూపి, తరలింపుకు నోటీసే అక్కర్లేదని వాదించే యాజమాన్యాలు ఉంటాయి. కానీ ఆ జాబితాను నిదానంగా చదివితే తరలింపు ఫలితాలు అందులో వరుసగా కనిపిస్తాయి. భత్యాలు అందులో ఉన్నాయి; నగరం నుంచి శివారు మండలానికి మారిన కారణంగా ఇంటి అద్దె భత్యాన్నో నగర పరిహార భత్యాన్నో తగ్గిస్తే అది నోటీసు లేకుండా చేయకూడని మార్పు. పని గంటలు, విరామాలు, షిఫ్టుల మార్పు అందులో ఉన్నాయి; కొత్త చోటు దూరమని షిఫ్టును ఉదయం ఆరుకు జరిపితే అది కూడా ఆ పరిధిలోకే వస్తుంది. ఆనవాయితీగా కల్పిస్తున్న సౌకర్యాన్ని ఉపసంహరించడం కూడా ఆ జాబితాలోని అంశమే కనుక, ఏళ్లుగా నడుస్తున్న కంపెనీ బస్సును, రాయితీ క్యాంటీన్‌ను, ఆలస్యంగా వచ్చినా పది నిమిషాలు మన్నించే అలవాటును తరలింపు పేరుతో హఠాత్తుగా ఎత్తివేయడానికి వీలుండదు. ఉద్యోగి లేఖ రాసేటప్పుడు ‘దూరమైంది’ అన్న ఒక్క మాటకు పరిమితం కాకుండా, ఏ భత్యం ఎంత తగ్గింది, ఏ వేళ ఎంత మారింది, ఏ సౌకర్యం ఎప్పటినుంచి ఆగింది అని విడివిడిగా చూపగలిగితే, చట్టం చేతికి అందే అంశాలు బయటపడతాయి.

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన కపారో ఇంజినీరింగ్ తీర్పు ఈ దృష్టితో ఎంతో విలువైనది. మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో దీర్ఘకాలంగా పనిచేస్తున్న కార్మికులను దాదాపు 900 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాజస్థాన్‌లోని చోపాంకీకి కంపెనీ బదిలీ చేయగా, ఆ బదిలీ వల్ల దేవాస్‌లో కార్మికుల సంఖ్య తగ్గిందనీ, కొత్త చోట వారికి పర్యవేక్షక బాధ్యతలు అప్పగించడం వల్ల వారు చట్టపరంగా కార్మికుల హోదాను కోల్పోతారనీ, అందువల్ల 9ఏ నోటీసు లేని ఆ బదిలీ చెల్లదనీ న్యాయస్థానం నిర్ధారించింది. పదోన్నతిలా కనిపించే హోదా మార్పును బదిలీ ఉత్తర్వుతో జతచేసి పంపినప్పుడు ఉద్యోగి సంతోషంతో సంతకం చేయడానికి ముందు ఈ తీర్పును గుర్తుచేసుకోవాలి. యూనియన్‌లో చురుకుగా ఉన్నవారినే ఎంచి దూరప్రాంతాలకు పంపడం వంటి దురుద్దేశపూరిత బదిలీలను చట్టం ‘అనుచిత కార్మిక విధానం’గా, అంటే యజమాని చేయకూడని నిషిద్ధ చర్యగా, ప్రత్యేకంగా పేర్కొంది.

ఢిల్లీ తీర్పు చూపిన ప్రమాణం

పనిచోట్ల తరలింపు విషయంలో కార్మికుల హక్కులను ఢిల్లీ పరిశ్రమల కేసులోలాగా ఇంత వివరంగా నిర్వచించిన సందర్భం భారత న్యాయచరిత్రలో మరొకటి అరుదు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో, ఢిల్లీలోని 168 ప్రమాదకర పరిశ్రమలు 1996 నవంబరు 30 తర్వాత అక్కడ నడవరాదని సుప్రీంకోర్టు 1996 జూలై 8న ఆదేశించింది. గాలి, నీరు శుభ్రపడాలన్న లక్ష్యంతో వెలువడిన ఆ ఆదేశం వేలాది కార్మిక కుటుంబాలను రోడ్డున పడేసే ప్రమాదం ఉందని గుర్తించిన ధర్మాసనం, తరలింపుతో పాటే కార్మికుల రక్షణ షరతులను కూడా నిర్దేశించింది. పరిశ్రమ ఎక్కడికి వెళితే అక్కడ కార్మికుల ఉద్యోగం కొనసాగాలి, వారి సేవా షరతులు వారికి నష్టం కలిగేలా మారకూడదు. ఢిల్లీలో మూతపడిన నాటినుంచి కొత్త చోట తిరిగి తెరిచేవరకు గడిచే కాలాన్ని పనిలో ఉన్న కాలంగానే లెక్కించి పూర్తి వేతనం చెల్లించాలి. పరిశ్రమతో పాటు తరలివెళ్లడానికి అంగీకరించిన వారికి అక్కడ స్థిరపడేందుకు ఒక సంవత్సరపు వేతనాన్ని తరలింపు బోనస్‌గా ఇవ్వాలి.

వెళ్లలేమన్నవారి విషయంలో న్యాయస్థానం అనుసరించిన మార్గం ఇంకా ఎక్కువగా ఆలోచించదగినది. కొత్త చోటుకు రాలేని కార్మికుడిని ఉద్యోగం మానేసిన వ్యక్తిగా పరిగణించకుండా, ఏడాది నిరంతర సేవ ఉన్నవారిని రిట్రెంచ్ అయినవారిగా, అంటే తమ తప్పేమీ లేకుండా యజమాని అవసరాల వల్ల ఉద్యోగం కోల్పోయినవారిగా భావించి, చట్టబద్ధ పరిహారంతో పాటు మరో సంవత్సరపు వేతనాన్ని, గ్రాట్యుటీని చెల్లించాలని ఆదేశించింది. ఆ ఆదేశాలు ఆ కేసులోని పరిశ్రమలకే నేరుగా వర్తించినా, ప్రతి తరలింపులోనూ ఆ మొత్తాలు వాటంతట అవే రాకపోయినా, దేశ అత్యున్నత న్యాయస్థానం ఏది న్యాయమని భావించిందో చెప్పడానికి యూనియన్ల చేతిలో అంతకన్నా బలమైన ఉదాహరణ లేదు. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు వెలుపలకు పంపాలన్న ప్రయత్నాలు సాగుతున్న హైదరాబాద్ పరిసరాల్లో, తరలింపు షరతులపై చర్చ మొదలైన రోజే ఈ తీర్పు ప్రతిని బల్లపై ఉంచడం కార్మిక సంఘాల కనీస బాధ్యత.

మూసివేతకు చట్టం ఇచ్చిన నిర్వచనం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక పనిచోటును లేదా అందులోని ఒక భాగాన్ని శాశ్వతంగా మూసివేయడమే మూసివేత అని నిర్వచనం చెబుతున్నందున, కంపెనీ మరో జిల్లాలో బతికే ఉన్నా, పాత చోటులోని యూనిట్ శాశ్వతంగా ఆగిపోతే అది మూసివేతే అవుతుందని వాదించడానికి ఆధారం ఉంది; తుది నిర్ణయం మాత్రం ఆయా కేసుల వాస్తవాలను బట్టి ఉంటుంది. 50 లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థ మూసివేతకు 60 రోజుల ముందు ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి. 300 లేదా అంతకు మించి కార్మికులున్న కర్మాగారం, గని, తోట అయితే ముందస్తు అనుమతే పొందాలి. పాత చట్టంలో ఈ పరిమితి 100గా ఉండేది, దాన్ని పెంచడం వల్ల మధ్యతరహా కర్మాగారాల కార్మికులు ఒక ముఖ్యమైన రక్షణను కోల్పోయారు. రిట్రెంచ్‌మెంట్ పరిహారం ప్రతి పూర్తి సంవత్సర సేవకు 15 రోజుల సగటు వేతనం. దానికి అదనంగా నెల రోజుల నోటీసు లేదా నోటీసు కాలపు జీతం ఇవ్వాలి.

అడిగి సాధించగలిగేవి

చట్టం తప్పనిసరి చేయనివాటిని కూడా సంప్రదింపుల ద్వారా సాధించవచ్చునని ఆంధ్రప్రదేశ్ సచివాలయ తరలింపు చూపింది. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం హైదరాబాద్ పదేళ్ల వరకు ఉమ్మడి రాజధానిగా ఉండగలిగినా, 2016లో ప్రభుత్వం ఉద్యోగులను వెలగపూడికి తరలించినప్పుడు, ఉద్యోగ సంఘాల సంప్రదింపుల ఫలితంగా వారానికి ఐదు రోజుల పని, మూల వేతనంలో 30 శాతం ఇంటి అద్దె భత్యం, విజయవాడకూ హైదరాబాద్ నగరానికీ మధ్య ప్రత్యేక రైలు సమకూరాయి. తరలివచ్చిన కుటుంబాల పిల్లలకు చదువు, ఉద్యోగాల్లో స్థానిక హోదా దక్కేలా రాష్ట్రపతి ఉత్తర్వులను కూడా సవరించారు. ప్రభుత్వ ఉద్యోగులకున్న సంఘబలం ప్రైవేటు సంస్థల్లో లేదన్నది నిజమే. అయినా అక్కడ సాధించుకున్నవన్నీ ఇంటిలో, ప్రయాణంలో, పిల్లల చదువులో ఉద్యోగికి ఎదురయ్యే నిర్దిష్ట ఇబ్బందికి నిర్దిష్ట పరిష్కారాలు. ఏ ఉద్యోగి అయినా తన కోర్కెలను అదే పద్ధతిలో రూపొందించుకోవచ్చు.

అందుకు ముందు నష్టాన్ని లెక్కగట్టాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఆదివారం మధ్యాహ్నం కనిపించే దూరాన్ని నమ్మకుండా, పనిరోజున, పని వేళకు, తాను నిజంగా వాడబోయే బస్సులోనో మెట్రోలోనో షేర్ ఆటోలోనో గడప నుంచి గడప వరకు ఎంత సమయం, ఎంత డబ్బు అవుతుందో ఉద్యోగి నమోదు చేసుకోవాలి. రోజుకు రాకపోకలకు అదనంగా రెండు గంటలు పడితే, నెలకు 25 పనిదినాల లెక్కన అది 50 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు ఆరింటికి మించిన కాలం. ఈ అంకెను లేఖలో చూపినప్పుడు యాజమాన్య ప్రతినిధి దాన్ని వ్యక్తిగత అసౌకర్యంగా కొట్టిపారేయడం కష్టమవుతుంది. సంస్థ బస్సు, నిర్ణీత కాలం వరకు ప్రయాణ భత్యం, రద్దీ తప్పేలా పని వేళల సడలింపు, వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి పని, ఇంటికి దగ్గరగా ఉన్న మరో శాఖలో ఖాళీ ఉంటే అక్కడ నియామకం వంటి ప్రత్యామ్నాయాలను ఉద్యోగే ప్రతిపాదిస్తే చర్చ ముందుకు సాగుతుంది. ఏది అంగీకరించినా అది ఎప్పటివరకు అమలులో ఉంటుందో రాతపూర్వకంగా ఉండాలి, ఎందుకంటే సమావేశంలో నోటిమాటగా ఇచ్చిన హామీ ఆ అధికారి మారగానే మాయమవుతుంది.

మహిళల విషయంలో కొన్ని అంశాలను విడిగా పరిశీలించాలి. రాత్రి 7 గంటల తర్వాత లేదా ఉదయం 6 గంటలకు ముందు మహిళలతో పనిచేయించాలంటే వారి సమ్మతి, భద్రతా ఏర్పాట్లు తప్పనిసరి. చట్టం చూసేది పని గంటలను మాత్రమే కనుక, సాయంత్రం ఆరున్నరకు పని ముగించి శివారు నుంచి రెండు బస్సులు మారి తొమ్మిదికి ఇల్లు చేరే స్త్రీ ప్రయాణం ఆ రక్షణ వెలుపల ఉండిపోతుంది. ఈ ఖాళీని పూడ్చడానికి సంస్థ రవాణాను సామూహికంగా కోరడం తప్ప వేరే మార్గం లేదు. 50 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసివచ్చే వీలు ఇవ్వాలని 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల సవరణ నిర్దేశించింది. సంస్థ తరలిపోయాక ఆ కేంద్రం పాత చోటే మిగిలిపోతే ఆ నాలుగు సందర్శనల హక్కుకు అర్థమే ఉండదు కనుక, కొత్త చోట కేంద్రం తెరిచే తేదీని తరలింపు తేదీతో పాటే అడగాలి.

చేరడమా, మానడమా

బదిలీ ఉత్తర్వు అన్యాయమని నమ్మిన ఉద్యోగి ఇంట్లోనే ఉండిపోవడం చాలా ప్రమాదకరమైన పొరపాటు. బదిలీపై వినతిపత్రం ఇచ్చినంత మాత్రాన కొత్త చోట చేరకుండా ఉండే హక్కు రాదని, ఉత్తర్వుపై స్టే గానీ రద్దు గానీ లేకుండా విధులకు హాజరుకాని ఉద్యోగి క్రమశిక్షణ చర్యకు గురికావలసి వస్తుందని గుజరాత్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1989లో తేల్చిచెప్పింది. వెళ్లడం భౌతికంగా సాధ్యమైనచోట, తన హక్కులకు భంగం కలగకుండా, అభ్యంతరంతోనే కొత్త చోట విధుల్లో చేరుతున్నట్లు రాతపూర్వకంగా తెలిపి చేరడం సురక్షితమైన మార్గం. అలా చేరినవారు బదిలీని అంగీకరించినట్లు కాదు, గైర్హాజరైనట్లూ కాదు. వెళ్లడం అసాధ్యమైతే, పాత చోట పనికి సిద్ధంగా ఉన్నానని తెలిపే లేఖను రిజిస్టర్డ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపి, ఆలస్యం చేయకుండా కార్మిక శాఖనో న్యాయవాదినో సంప్రదించాలి. కొందరు యాజమాన్యాలు తేదీ వేయని రాజీనామాపై సంతకం అడుగుతాయి. అటువంటి సంతకం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. ఒత్తిడితో చేయవలసివస్తే, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా అది బలవంతంగా తీసుకున్నదని యాజమాన్యానికీ, కార్మిక శాఖకూ రాతపూర్వకంగా తెలపాలి.

వివాదాన్ని ఎవరు లేవనెత్తగలరన్న విషయంలో చాలామందికి స్పష్టత లేదు. తొలగింపు, రిట్రెంచ్‌మెంట్ వంటి ఉద్యోగ రద్దులపై కార్మికుడు ఒంటరిగానే వివాదం లేవనెత్తవచ్చు. కానీ బదిలీ వంటి అంశాలపై వివాదం పారిశ్రామిక వివాదంగా నిలవాలంటే యూనియన్ గానీ గణనీయ సంఖ్యలో తోటి కార్మికులు గానీ దాన్ని సమర్థించాలి. తరలింపు అందరినీ తాకే మార్పు కనుక సంఘటితం కావడానికి ఇది సహజమైన సందర్భం. 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో యాజమాన్య, కార్మిక ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండాలి. వ్యక్తిగత ఫిర్యాదును 30 రోజుల్లోగా పరిష్కరించే బాధ్యత ఆ కమిటీది. అక్కడ న్యాయం జరగకపోతే కార్మిక శాఖలోని రాజీ అధికారిని, అంటే ఇరుపక్షాలను కూర్చోబెట్టి ఒప్పందానికి ప్రయత్నించే అధికారిని, ఆశ్రయించవచ్చు. రాజీ ప్రక్రియ నడుస్తున్న కాలంలో ఆ వివాదానికి సంబంధించిన సేవా షరతులను కార్మికులకు నష్టం కలిగేలా మార్చకూడదన్న నియమం ఉన్నందున, యంత్రాలు లారీలెక్కాక వివాదం లేవనెత్తడం కన్నా నోటీసు వచ్చిన వారంలోనే లేవనెత్తడం ఎంతో ప్రయోజనకరం.

అన్నీ బేరీజు వేసుకుని చివరకు వైదొలగడమే మేలని నిర్ణయించుకున్న ఉద్యోగి కూడా, రాజీనామాకు బదులుగా పరిహారంతో కూడిన ఒప్పందానికి ప్రయత్నించాలి. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం ముగిసిన రెండు పనిదినాల్లోగా వేతన బకాయిలు చెల్లించాలి. గ్రాట్యుటీకి గడువు 30 రోజులు. కొత్త చోట కొనసాగేవారు ఈఎస్ఐలో తమ డిస్పెన్సరీని ఇంటికి దగ్గరలోకి మార్చుకోవాలి, పీఎఫ్‌లో మాత్రం అదే యూఏఎన్ కొనసాగుతుంది. దూరం పెరిగినప్పుడు రోడ్డు ప్రమాదాల అపాయమూ పెరుగుతుంది. ఇంటినుంచి పనికి వెళ్లేటప్పుడు, పనినుంచి ఇంటికి వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదానికీ ఉద్యోగానికీ సంబంధం నిరూపణ అయితే దాన్ని ఉద్యోగ ప్రమాదంగా పరిగణించాలని ఈఎస్ఐ చట్టానికి 2010లో 51ఈ సెక్షన్‌ను చేర్చారు; ఇదే సూత్రం ఉద్యోగుల పరిహార చట్టానికి కూడా వర్తిస్తుందని, విధులకు వెళుతూ దారిలో మరణించిన ఒక చక్కెర కర్మాగార కాపలాదారు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పింది. ఆ సంబంధాన్ని నిరూపించేవి సమయం, స్థలం, దారి కనుక, తరలింపు తర్వాత ఇల్లు మారిన ప్రతి ఉద్యోగీ కొత్త చిరునామాను సంస్థ రికార్డుల్లోనూ ఈఎస్ఐ ఖాతాలోనూ వెంటనే నమోదు చేయించుకోవాలి, షిఫ్టు వేళలను తెలిపే ఉత్తర్వు ప్రతిని ఇంట్లో మరొకరికి తెలిసిన చోట భద్రపరచాలి.